మూడుసార్లు మోగింది

పదకొండు గంటలకు పిలుస్తామన్నారు. ఆమె పదికే వచ్చి కూర్చుంది. ఎక్కడికి వెళ్ళినా గంట ముందు వెళ్ళడం పెద్దమ్మ నేర్పిన అలవాటు. ఆలస్యంగా వెళ్ళినవాడికి నిలబడడానికి కూడా చోటు మిగలదే పిల్లా, అనేది. ఇప్పుడు ఆ గంట మొత్తం తెచ్చి ఒళ్ళో పడేసినట్టుంది, ఏం చేసుకోవాలో తెలియడం లేదు. వరండా పొడుగునా చెక్కబెంచీ, ఎదురుగా మూసిన తలుపు, తలుపు మీద అంటించిన కాగితం. వరద విచారణ సంఘం, నిశ్శబ్దం పాటించండి. జిగురు పై మూలలకే రాసినట్టున్నారు, గాలి వచ్చినప్పుడల్లా కాగితం అడుగుభాగం లేచి మళ్ళీ తలుపుకు కొట్టుకుంటోంది. లోపల ఎవరో టైపు చేస్తున్నారు. టక్. టక్. టక్‌టక్. రెండు వేళ్ళవాడు. ఆమె పది వేళ్ళతో కొట్టగలదు, చూడకుండా కొట్టగలదు, దానికి సర్టిఫికెట్టు కూడా ఉంది. ఆ పనికి ఆమెను పెట్టుకుని ఉంటే ఎంత బాగుండేది, ఎవరెవరో చెప్పింది వింటూ కొట్టుకుంటూ పోయేది, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకుండా.

ఒక్క మాట చాలన్నారు ఆమె ఆఫీసు సూపరింటెండెంటు. అవునండీ, మోగించాను. అంతే, లేచి వచ్చెయ్యి. అందులో అబద్ధం కూడా లేదు. ఇరవై రోజుల కిందట శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు, పురపాలక ఆఫీసు రెండో అంతస్తులో తన గదిలో కూర్చుని ఊరి సైరన్ మోగించింది ఆమే. ఒకసారి కాదు, మూడుసార్లు. ఎగువ ఆనకట్ట గేట్లు ఎత్తేశారు, నీళ్ళు వస్తున్నాయి, ఉన్నపళంగా ఇళ్ళు ఖాళీ చేసి మెరకకు వెళ్ళండి అని ఆ మూడు కూతలకూ అర్థం. ఐదున్నరకు నీళ్ళు వచ్చాయి. పల్లపు వీధిలో నలభై ఒక్కమంది పోయారు. ఆ నలభై ఒక్కమందిలో పెద్దమ్మ ఉంది. మర్నాడు పొద్దున్నే, బురద ఇంకా ఆరకముందే, మంత్రిగారు టీవీలో ఆమె రిజిస్టరు ఎత్తి చూపించారు. ఆమె చేతిరాతే, నల్ల సిరాతో, గీత తప్పకుండా. 16.00. సైరన్. మూడుసార్లు. మోగింది. మంత్రిగారు ఆ వాక్యం మీద వేలు పెట్టి చదివారు. "చూడండి, రికార్డు ఉంది. ప్రభుత్వం చెప్పింది, వాళ్ళు వినలేదు. నిద్రపోయేవాణ్ణి లేపగలం గానీ నిద్ర నటించేవాణ్ణి ఎవరు లేపగలరు? మంచాలూ పెట్టెలూ పట్టుకుని వేళ్ళాడారు. ప్రాణం కంటే సామాను ముఖ్యమనుకుంటే మేమేం చేస్తాం?" అని, కాసేపాగి, హెచ్చరికను లెక్కచేయని వీధికి కొత్త ఇళ్ళ జాబితాలో చోటు ఎందుకివ్వాలో ఆలోచిస్తామనీ, క్రమశిక్షణ అనేది ఎక్కడో ఒకచోట మొదలవ్వాలనీ అన్నారు. బతికిన రెండు వందల కుటుంబాలు ఆ మాట బడి గదుల్లో చాపల మీద కూర్చుని విన్నాయి. అదేం చిత్రమో, ఆమెకు మొదట కలిగింది కోపం కాదు. తన దస్తూరి అంత పెద్దగా కనిపిస్తే ఎంత పొందికగా ఉందో అనిపించింది. ఆ అనిపించడాన్ని ఆమె ఇరవై రోజులుగా ఎక్కడ దాచుకోవాలో తెలియక తిప్పలు పడుతోంది.

పొందిక పెద్దమ్మది. అక్షరం బట్ట మడతలా ఉండాలనేది పెద్దమ్మ, తనకు అక్షరం ముక్క రాకపోయినా. పల్లపు వీధి మలుపులో ఒక బల్ల, బల్ల మీద నాలుగు పొరల దుప్పటి, బొగ్గుల ఇస్త్రీపెట్టె. చొక్కా కాలరు లోపల ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు, సిరాతో చుక్కో, గీతో, చిన్న నిచ్చెనో. ఆ గుర్తుల్ని చూసే ఆమె అక్షరాల కంటే ముందు గుర్తులు నేర్చుకుంది. అమ్మ పోయినప్పుడు ఆమెకు నాలుగేళ్ళు. అమ్మ మొహం గుర్తులేదు గానీ ఆ రోజు ఎవరో ఎత్తుకుంటే ఆ భుజం వేడిగా ఉండడం గుర్తుంది. ఇస్త్రీ చేసేవాళ్ళ కుడిభుజం ఎప్పుడూ కాస్త వేడిగానే ఉంటుందని పెద్దయ్యాక తెలిసింది. ఆ భుజమే ఆమెను డిగ్రీ దాకా మోసింది. వీధిలో మొట్టమొదటి డిగ్రీ. పట్టా ఇచ్చే రోజున అద్దెకు తెచ్చుకున్న నల్లగౌనును పెద్దమ్మ చూసి, ఛీ, ఇది గౌనా, నలిపి పారేసిన కాకిలా ఉంది అని రెండు గంటలు కూర్చుని ఇస్త్రీ చేసింది, తిరిగి ఇచ్చేటప్పుడు మళ్ళీ చేసింది. అద్దెకిచ్చినవాడు చేతిలోకి తీసుకుని, "అమ్మా, ఇంత బాగా తిరిగిస్తే మాకు కొత్తదేదో పాతదేదో తెలియకుండా పోతుంది" అన్నాడు. ఆ మాటను పెద్దమ్మ ఆర్నెల్లు వీధంతా పంచింది. ఉద్యోగం వచ్చినప్పుడైతే ఇక చెప్పొద్దూ.

హెచ్చరికల గుమాస్తా. వచ్చే నీళ్ళ మట్టం రాసుకోవాలి, ఎగువనుంచి ఫోన్లు వస్తే రిజిస్టర్లో ఎక్కించాలి, వారానికోసారి సైరన్ పనిచేస్తోందో లేదో మోగించి చూడాలి. ప్రతి శుక్రవారం నాలుగింటికి, ఒక్కసారి, ఒక నిమిషం. ఆమె రాకముందు ఆ పరీక్ష ఎవరికి బుద్ధి పుడితే వాళ్ళు, ఎప్పుడు తోస్తే అప్పుడు చేసేవారు. ఆమె వచ్చాక గడియారం తప్పలేదు. ఏడేళ్ళు. పండగా లేదు, జ్వరమూ లేదు. పల్లపు వీధి ఆ కూతతోనే శుక్రవారాన్ని సర్దుకుంది. నాలుగింటి పంపు దగ్గర బిందెలు పెట్టేవాళ్ళు, బడినుంచి పిల్లల్ని తెచ్చుకునేవాళ్ళు, పనికి రెండో వంతు ఎక్కేవాళ్ళు. పెద్దమ్మ సాయంత్రం బట్టలకు పెట్టెలో కొత్త బొగ్గులు వేసేది. "అదిగో, మా పిల్ల కూసింది" అనేది, వినేవాళ్ళున్నా లేకపోయినా. వీధి ఆమెకు ఈలపిల్ల అని పేరు పెట్టింది. మీట పాతది. ఒక్కోసారి కూత మధ్యలో తెగిపోయేది. నిమిషం నిండడం కోసం ఆమె మళ్ళీ నొక్కేది, అప్పుడప్పుడు మూడోసారి కూడా. అలాంటి శుక్రవారాల్లో వీధిలో, "ఇవాళ ఈలపిల్లకి దగ్గొచ్చింది" అని నవ్వుకునేవారు. మీట బాగుచేయించమని ఆమె నాలుగు ఉత్తరాలు పెట్టింది. ఒకదానికి జవాబు వచ్చింది, ఉత్తరం సరైన నమూనాలో లేదని. ఆమె నమూనా సంపాదించి మళ్ళీ రాసింది. ఒక కూత పరీక్ష, మూడు కూతలు ప్రమాదం అని రూల్సు పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం ఆమె బీరువాలో ఉంది. బీరువా తాళం ఆమె బొడ్లో ఉంది. ఆ సంగతి ఊళ్ళో తెలిసిన మనుషులు ఇద్దరు. ఒకరు ఆమె. రెండో ఆయన ఇదుగో, మెట్లెక్కి వస్తున్నారు.

సూపరింటెండెంటు వచ్చి పక్కన కూర్చున్నారు. మనిషి సగమయ్యారు. చొక్కా చేతికి రెండు మడతగీతలు ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి, రైలుపట్టాల్లా. పెద్దమ్మ అలాంటి చొక్కాను చూస్తే మనిషిని ఆపి విప్పించేది. ఈయన చొక్కాలకు గుర్తు నిచ్చెన.

"తిన్నావామ్మా?"

"తిన్నాను సార్."

"లోపల పెద్దాయన మంచివాడే. రిటైరైన జడ్జిగారు. వివరాలు అడగడు. మోగించావా అంటే మోగించానను. ఎన్నిసార్లు అంటే మూడను. రిజిస్టర్లో ఉన్నదే చెప్పమంటున్నాను, లేనిది చెప్పమనడం లేదు కదా."

"లేదు సార్."

"ఫోన్ల సంగతి ఎందుకు, ఎవరు ఎవరికి చేశారు, ఎప్పుడెత్తారు, అవన్నీ..." ఆయన చేతిగుడ్డ తీసి మెడ తుడుచుకున్నారు. "ఒకటి చెప్తాను, కూతురి లాంటిదానివి కాబట్టి చెప్తున్నాను. తవ్వడం మొదలుపెడితే మొదట బయటపడేది మీట మీద ఎవరి వేలుందన్నది. మంత్రిగారి వేలు లేదు. నా వేలు లేదు. రేపు టీవీవాళ్ళు నీ ఫోటో వేసి, పెంచిన పెద్దమ్మను ముంచిన పిల్ల అని రాస్తారు. వాళ్ళకేం, వాళ్ళ నోటికి తలుపులున్నాయా? నాకు ఇంకో ఎనిమిది నెలలు. నీకు ఇంకా పాతికేళ్ళ సర్వీసు."

అందులో బెదిరింపు లేదు, అదే కష్టం. ఆయన నిజంగానే భయపడుతున్నారు, తన కోసమూ, కాస్త ఆమె కోసమూ. ఉద్యోగానికి చేరిన మొదటిరోజు ఆమె కుర్చీ అంచున కూర్చుంటే, కుర్చీ మొత్తం నీదేనమ్మా, వెనక్కి జరిగి కూర్చో అన్న మనిషి ఈయనే. ఆ కుర్చీయే ఇప్పుడు ఆమెకు మిగిలింది. పల్లపు వీధి మలుపులో బల్ల లేదు, బల్ల వెనక ఇంట్లో మనిషి లేదు, అదిగో మా పిల్ల అనే నోరు లేదు. ఆఫీసు వెనక సందులో అద్దెగది, ఆ గదికి ఆధారం ఆ కుర్చీ. అవునండీ మోగించాను అంటే కుర్చీ ఉంటుంది. రెండు వందల కుటుంబాలు జాబితాలోంచి జారిపోతాయి, కానీ వాళ్ళని జార్చింది ఆమె అని ఎవరూ అనరు, ఆమె కూడా అనుకోనక్కర్లేదు, ఎందుకంటే అది నిజమే కదా, నిజం చెప్పినవాళ్ళ మీద నేరం ఎలా ఉంటుంది. పెద్దమ్మ ఒకసారి అంది, మరక ఉన్న వైపు లోపలికి మడిస్తే చొక్కా తెల్లగానే కనిపిస్తుంది, తొడుక్కునేదాకా. ఎందుకందో గుర్తులేదు. ఎవరి చొక్కా గురించో.

సూపరింటెండెంటు మంచినీళ్ళకని లేచి వెళ్ళారో లేదో మెట్ల దగ్గర కాచుకుని ఉన్నట్టు ఇంకో మనిషి వచ్చాడు, ప్రతిపక్షం పార్టీ కార్యకర్త, మెళ్ళో కార్డు, చంకలో పోస్టర్ల చుట్ట. రెండువారాలుగా ఆమె వెంట తిరుగుతున్నాడు.

"చెల్లెమ్మా, గట్టిగా నిలబడు. మోగలేదని చెప్పు చాలు."

"మోగింది కదన్నా."

"నీకు మోగింది. ఊరికి మోగలేదు. కరెంటు లేదని చెప్పు, తీగ తెగిందని చెప్పు. మిగతాది మా నాయకుడు చూసుకుంటాడు. మీ పెద్దమ్మ ఇవాళ ఒక్క నీ పెద్దమ్మ కాదు, మా ఉద్యమానికే పెద్దమ్మ."

"ఆవిడకి తెలిస్తే ఆ పనికి ఎంతిస్తారో అడిగేది" అంది ఆమె. అనాలని అనలేదు, నోట్లోంచి జారింది. అతను నవ్వాలో వద్దో తెలియక ఒక పోస్టరు విప్పి చూపించాడు. నలభై ఒక్క మొహాలు తపాలా బిళ్ళలంత, వాటి మీద నాయకుడి మొహం పళ్ళెమంత. పెద్దమ్మ బొమ్మ కింది వరసలో ఉంది, ఏ గుర్తింపు కార్డులోంచో తీసింది, కళ్ళు సగం మూసుకుని. నాయకుడు బురదలోకి వచ్చిన రోజు ఆమె అక్కడే ఉంది. కెమెరాలు సర్దుకునేదాకా ఆయన గట్టు మీదే చెప్పులతో నిలబడి, సర్దుకున్నాక చెప్పులు విప్పి దిగాడు. "ఈ వీధి మాకు ఓటేసింది, అందుకే ముంచారు" అన్నాడు. వీధి ఎవరికి ఓటేసిందో వీధికే సరిగ్గా తెలియదు. పక్కనున్న ఆవిడను, అమ్మా, మీరు ఇందాక ఏడ్చినట్టే మళ్ళీ ఒకసారి, అని అడిగారెవరో. ఆవిడ వాళ్ళ వైపు చాలాసేపు చూసి, ఇందాకటిది అయిపోయింది నాయనా అంది. ఒకరికి వాళ్ళు వినీ కదలని మొండివాళ్ళు కావాలి, ఇంకొకరికి అసలేమీ వినబడని అమాయకులు కావాలి. మోగిందా, లేదా. ఆ రెండిటి మధ్య ఉన్న పల్లపు వీధిని, బిందెలతో, బొగ్గులతో, నాలుగింటికి వచ్చే పంపుతో ఉన్న వీధిని, ఎవరికీ అక్కర్లేదు. ఆమె పోస్టరును చుట్టి జాగ్రత్తగా తిరిగి ఇచ్చింది. మొహం మీద మడత పడుతుందేమోనని భయం వేసింది.

పదీ నలభైకి కుట్టు బాబాయ్ వచ్చాడు. సొంత బాబాయ్ కాదు. పెద్దమ్మ బల్ల పక్కనే కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ, ఊహ తెలిసినప్పట్నుంచీ బాబాయే. పెద్దమ్మా ఆయనా రోజంతా పోట్లాడుకునేవారు, నీ కుట్టు వంకరంటే నీ మడత వంకరని. ఆమె తర్వాత లోపలికి వెళ్ళాల్సిన వంతు ఆయనదే. ఒంటి మీద ఎవరిదో చొక్కా, భుజాలు జారిపోతున్నాయి.

"చూడవే, దర్జీవాడికి కొలత తప్పిన చొక్కా. దేవుడికి కూడా హాస్యం ఎక్కువే" అన్నాడు కూర్చుంటూ.

"బాగానే ఉంది బాబాయ్."

"అబద్ధాలు లోపల చెప్పు, నాతో ఎందుకు." తర్వాత వెంటనే, "ఊరికే అన్నాలే. నువ్వేం చెప్తావో నేనడగను. అడిగేవాళ్ళు నీకు తక్కువై నేనొచ్చానా?"

ఇద్దరూ కాసేపు ఆ తలుపు మీది కాగితాన్ని చూశారు.

"మంచాలు పట్టుకుని వేళ్ళాడామట" అన్నాడు బాబాయ్. "మా ఇంట్లో మంచమే లేదు. ఉంటే బాగుండు, తేలేది."

ఆమెకు నవ్వొచ్చింది, సగంలోనే ఆగింది. పెద్దమ్మ దొరికినప్పుడు గుర్తుపట్టడానికి వెళ్ళింది ఆమే. గుమ్మంలో, చేతులు పైకి. పైన దూలానికి మూట కట్టి ఉంది, గట్టి ముడి, నీళ్ళు అందని ఎత్తులో. విప్పి చూస్తే ముప్ఫై రెండు చొక్కాలు, ఏడు దుప్పట్లు, ఎవరిదో బడిపిల్ల లంగా. చుక్కలూ గీతలూ నిచ్చెనలూ. ఊళ్ళో మెరక ఇళ్ళవాళ్ళవన్నీ. పెద్దమ్మది ఒక్క రుమాలైనా లేదు. నీళ్ళు గడప దాటగానే ముందు ఆ పని చేసింది, పరాయివాళ్ళ బట్ట తడిస్తే మాట పోతుందని. సామాను మీద ఆశ అని మంత్రిగారు అన్నది ఆ మూటనే. అందరి చొక్కాలూ మళ్ళీ ఎవరివి వాళ్ళకు చేరాయి.

"ఒక సంగతి నీకు చెప్పాలా వద్దా అని ఇన్నాళ్ళూ కొట్టుకుంటున్నాను" అన్నాడు బాబాయ్, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని. "లోపల అడిగితే చెప్పాల్సి వస్తుంది. వాళ్ళ నోట వినడం కంటే నా నోట వినడం నయం. ఆ రోజు మేమంతా పంపు దగ్గరే ఉన్నాం. మొదటిది మోగింది. అదిగో మా పిల్ల అంది మీ పెద్దమ్మ, మామూలే. రెండోది మోగింది. ఎవరో, దగ్గు మొదలైందిరోయ్ అన్నారు. మూడోది మోగేసరికి ఆవిడ మొహం కాస్త మారింది. మారిందే, నేను చూశాను. పాపం ఇవాళ మరీ ఎక్కువగా ఉంది, సాయంత్రం వస్తుందేమో వేడినీళ్ళు కాచి పెట్టాలి అంది. అందరూ పకపకా నవ్వారు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "నేనూ నవ్వాను. తర్వాత మెరకమీద ఎవరికో పంట్లాములిచ్చి రావాలని వెళ్ళాను. అందుకే ఉన్నాను, ఇంకెందుకూ కాదు."

వేడినీళ్ళు. నీళ్ళు కాచే గిన్నె చెవి ఒకటి ఊడిపోయింది, గుడ్డ పట్టుకుని దింపాలి, ఆ గుడ్డ తలుపు వెనక మేకుకు ఉంటుంది, ఉండేది. ఐదున్నరకు ఆ గిన్నె పొయ్యి మీద ఉందా? పొయ్యి వెలిగి ఉందా? అందరూ విన్నారు. మూడూ విన్నారు. ఎవరిదని అడగక్కర్లేకుండా గొంతు గుర్తుపట్టినంత దగ్గరగా విన్నారు. ప్రపంచంలో ఏ ఊరైనా తన సైరన్‌ను ఇంత శ్రద్ధగా విని ఉంటుందా? ఏడేళ్ళపాటు తప్పకుండా, శుక్రవారం నాలుగింటికి ఏమీ జరగదని వాళ్ళకు నేర్పింది ఆమె. పాఠం బాగా చెప్పే పంతులమ్మ కావాలని ఒకప్పుడు అనుకునేది. చెప్పింది. బాగానే చెప్పింది.

ఆ మధ్యాహ్నం ఆలోచనలోకి వచ్చినప్పుడల్లా ఒకచోట ఆగిపోతుంది, ఎద్దు కాలువ దగ్గర ఆగినట్టు. మూడూ ఇరవైకి ఎగువనుంచి ఫోను. రూలు ప్రకారం సూపరింటెండెంటు చెప్తేగానీ ప్రమాదపు కూత కూయకూడదు. ఆయన మెరక మైదానంలో మంత్రిగారి సభలో ఉన్నారు. ఆయనకు పదకొండుసార్లు చేసింది, ఎత్తలేదు. మూడూ యాభై ఎనిమిదికి ఆయనే చేశారు, వెనక మైకులో ఉపన్యాసం, చప్పట్లు. "మోగించు, కానీ రూలు ప్రకారం మూడే. ఇక్కడ వేలమంది ఉన్నారు, హడలిపోతే తొక్కుకుని చస్తారు." ఆమె గడియారం చూసింది. చూసి, ఇవాళ ఏ వారమో ఆమెకు తట్టింది. తట్టలేదని ఎవరికైనా చెప్పగలదు, తనకు చెప్పుకోలేదు. ఆగితే ఆలస్యం, నొక్కితే అలవాటు. నొక్కింది. నిమిషం, విరామం, నిమిషం, విరామం, నిమిషం. ఆ రోజు మీట ఒక్కసారి కూడా తెగలేదు. పెద్దమ్మ ఇంటికి ఎవరిచేతనైనా కబురు పెడదామా అనిపించింది. ఊరందరికీ చెప్పినదాన్ని మళ్ళీ నా ఇంటికి వేరేగా చెప్పడమేమిటి, పక్షపాతం కదూ అనుకుంది, అనుకుని కాస్త గర్వపడింది కూడా. వెంటనే రిజిస్టరు తీసి రాసింది. వెంటనే రాయాలని రూలు. సిరా ఆరేదాకా ఆగింది. ఆ తర్వాత...

ఇక్కడే ఆగుతుంది ఎప్పుడూ. ఇవాళ ఆగలేదు. బాబాయ్ మోకాళ్ళ మీద చేతులు అలా ఉన్నాయి, సూది లేని చేతులు, వాటిని చూస్తూ ఉండగా కాలువ దాటేసింది. ఆ తర్వాత ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కిటికీలోంచి పల్లానికి దిగే వంతెన మొత్తం కనిపిస్తుంది. వంతెన మీద జనం నడుస్తున్నారు. పరిగెత్తడం లేదు, నడుస్తున్నారు, కొందరు పల్లం వైపు దిగుతున్నారు కూడా. ఒక పెద్దాయన వంతెన మధ్యలో ఆగాడు. చెయ్యెత్తాడు. చేతిగడియారం చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళ దగ్గర పెట్టుకుని, మర తిప్పి టైము సరిచేసుకున్నాడు. సరిచేసుకుని, తృప్తిగా, పల్లంలోకి దిగిపోయాడు. ఆమె అది చూసింది. నాలుగూ ఐదు నిమిషాలకు చూసింది. గంటా ఇరవై ఐదు నిమిషాల ముందు చూసింది. సూపరింటెండెంటుకు ఫోను చేసింది. సార్, ఎవరూ కదలడం లేదు, పరీక్ష అనుకుంటున్నారు, ఆపకుండా మోగించనా అని. మూడయ్యాయి కదమ్మా, రాశావు కదా, ఇక నీ పని అయింది, ఊరిని హడలగొట్టకు, అన్నారాయన. సరే సార్ అంది. మీట అరచేతి దూరంలో ఉంది. ఎవరూ ఆమె చెయ్యి పట్టుకోలేదు. మెట్లు దిగి వంతెన దాకా పరిగెడితే రెండు నిమిషాలు. కుర్చీ మొత్తం నీదేనమ్మా. ఆమె వెనక్కి జరిగి కూర్చుంది.

తలుపు తెరుచుకుంది. అటెండరు బయటికి తలపెట్టి, "హెచ్చరికల గుమాస్తా గారూ" అని పిలిచాడు. బాబాయ్ లేచి నిలబడ్డాడు, ఆమె కోసం, ఎందుకో. సూపరింటెండెంటు వరండా చివర నీళ్ళగ్లాసుతో ఆగిపోయారు.

గది చిన్నది. పొడుగు బల్ల వెనక జడ్జిగారు, కళ్ళజోడు, అలసట. పక్కన టైపు చేసే ఆయన, ఆమె అనుకున్నట్టే రెండు వేళ్ళవాడు, యాభై దాటిన మనిషి. కుర్చీ చూపించారు.

"కూర్చోండమ్మా. ఒక్క ప్రశ్నే. ఆ రోజు ప్రమాద సూచన సైరన్ మోగించారా?"

"మోగించానండి. నాలుగు గంటలకు, మూడుసార్లు."

టక్. టక్‌టక్. "అంతేనమ్మా, రిజిస్టరుతో సరిపోయింది. సంతకం పెట్టి వెళ్ళొచ్చు."

కాగితం ఆమె వైపు జరిగింది. రెండు వరసలు. కింద బోలెడంత తెలుపు. ఆమె కలం తీసుకుంది, మళ్ళీ బల్ల మీద పెట్టింది.

"ఇంకో ప్రశ్న అడగాలండి మీరు."

జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఏమిటది?"

"వాళ్ళు విన్నారా అని."

ఆయన కుర్చీలో కాస్త ముందుకు వంగారు. "విన్నారా?"

"విన్నారండి. అందరూ, మూడూ విన్నారు. ప్రతి శుక్రవారం అదే వేళకు పరీక్ష కూత నేనే కూస్తాను. మీట పాడైతే అది కూడా రెండు, మూడుసార్లు మోగుతుంది. మూడుకి అర్థం వేరని వాళ్ళకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదండి. నేనూ చెప్పలేదు. అది పుస్తకంలో ఉంది, పుస్తకం బీరువాలో ఉంది."

"మీరు చెప్తున్నది మీ మీదికే వస్తుంది. తెలుసా?"

"తెలుసండి."

"ఎవరైనా చెప్పమన్నారా?"

"ఇది చెప్పమని ఎవరూ అనలేదండి."

జడ్జిగారు టైపు ఆయన వైపు చూశారు. ఆయన చేతులు గాల్లోనే ఆగి ఉన్నాయి. జడ్జిగారు చిన్నగా తల ఊపారు. ఆయన కొత్త కాగితం ఎక్కించి, "కాస్త నిదానంగా చెప్పండమ్మా, నాకు వేగం తక్కువ" అన్నాడు.

ఆమె నిదానంగానే చెప్పింది, ఒక్క మాటా జారిపోకుండా, ఒక వాక్యం పడ్డాక ఇంకో వాక్యం. మూడూ ఇరవైకి వచ్చిన ఫోను. సభ. పదకొండుసార్లు. మూడూ యాభై ఎనిమిది. వేడినీళ్ళ మాట ఆమె చెప్పలేదు, అది బాబాయ్ చెప్తాడు, లేదా చెప్పడు, అది ఆయన ఇష్టం. వంతెన దగ్గరికి వచ్చేసరికి ఆగింది. టైపు ఆయన వేళ్ళు కూడా ఆగి ఎదురుచూశాయి.

"రాసుకోండి" అంది. "నాలుగూ ఐదుకి కిటికీలోంచి చూశాను. మళ్ళీ మోగించనా అని అడిగాను. వద్దన్నారు. పల్లంలోంచి ఎవరూ కదల్లేదు." టక్‌టక్ చప్పుడు ఆగేదాకా ఆగింది. "నేనూ కదల్లేదు."